వాలుగ కాదు నాన్నా, వాలై: ఈరీ లేక్‌లో నాలుగు రోజులు

గురువారం

గొడవ వానపాములతో మొదలైంది. మా పక్కింటి పెద్దాయన రెండు డబ్బాల నైట్‌క్రాలర్లు ముందే తెచ్చిచ్చి ఫ్రిజ్‌లో పెట్టు, బయట ఉంటే వేడికి చచ్చిపోతాయి అన్నాడు, నేనేమో పెరుగు గిన్నె పక్కన ఖాళీ ఉంది కదా అని అక్కడ పెట్టేసి ఆఫీస్ కాల్‌లో కూర్చున్నా, మా ఆవిడ అదేదో స్వీట్ బాక్స్ అనుకుని మూత తీసింది. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను. నాన్న మాత్రం తాపీగా వచ్చి డబ్బా తీసుకుని ఒకదాన్ని వేలికి చుట్టుకుని చూసి "ఒరేయ్, ఎర్రలు డబ్బులిచ్చి కొనుక్కుంటున్నార్రా ఇక్కడ?" అని పడీపడీ నవ్వారు. డజను ఎర్రలు ఎంతో చెప్తే నవ్వడం ఆపేశారు.

నాన్నది కైకలూరు దగ్గర పల్లెటూరు, కొల్లేరు గాలి పీల్చి పెరిగిన మనిషి. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి కాలవ గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న కథలు మాకు అన్నంతో పాటు తినిపించారు. అమెరికా వచ్చి ఆరు వారాలైంది, కొలంబస్‌లో గుడి చూశారు, కాస్ట్‌కో చూశారు, నయాగరా చూశారు, ఇంక సాయంత్రం పూట కిటికీలోంచి పక్కింటి వాకిట్లో ఉన్న బోటు చూస్తూ కూర్చునేవారు. పెద్దాయనకి డెబ్భై దాటింది, ఒక్కడే ఉంటాడు. ఒకరోజు ఇద్దరూ బోటు చుట్టూ తిరుగుతూ సైగలతో మాట్లాడుకోవడం చూశా. లోపలికి వచ్చి "ఆయన చేపలకి తీసుకెళ్తాడంట, లీవ్ పెట్టు" అన్నారు. అంతే ప్లానింగ్.

ఏ చేప అంటే వాలై అన్నా. "వాలుగా?" కాదు నాన్నా, వాలై. "అదేరా, వాలుగ." ఇలా రెండు మూడు సార్లు అయ్యాక మీసాలుంటాయా అని అడిగారు, ఉండవు అన్నా, అయితే వాలుగ కాదులే అని తేల్చేశారు. నిజానికి ఆ పేరు కళ్ళని బట్టి వచ్చింది, రెండు పెద్ద కళ్ళు పక్కలకి చూస్తున్నట్టు ఉంటాయి, రాత్రి లైటు పడితే పిల్లి కళ్ళలా మెరుస్తాయి. కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది కాబట్టి మసక వెలుతురులో, మురికి నీళ్ళలో కూడా వాటికి బాగా కనపడుతుంది. మన కవులు ఆడవాళ్ళ కళ్ళని చేపలతో పోల్చుకుంటూ పోయారు, ఇక్కడ చేపకే వాలుకళ్ళది అని పేరొచ్చింది.

సాయంత్రం నాలుగింటికి బయల్దేరాం, పెద్దాయన పికప్ వెనక బోటు, దాని వెనక మా కారు. 23 హైవే మీద పైకెళ్ళి ఫ్రీమాంట్ దగ్గర 53 పట్టుకుంటే ఈరీ లేక్ ఒడ్డున పోర్ట్ క్లింటన్, మామూలుగా రెండు గంటల చిల్లర, బోటుతో మూడు గంటలు పట్టింది. ఈ ఊరు తనని తాను ప్రపంచ వాలై రాజధాని అని చెప్పుకుంటుంది, కొత్త సంవత్సరం రాత్రి న్యూయార్క్‌లో బంతి దింపితే వీళ్ళు 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ చేపని క్రేన్‌తో దింపుతారు. బావ క్లీవ్‌లాండ్ నుంచి నేరుగా క్యాబిన్‌కి వచ్చేశాడు.

చీకటి పడ్డాక పెట్రోల్ బంకుకి వెళ్తే కాళ్ళ కింద కరకరమని చప్పుడు. చూస్తే నేలంతా పురుగులు, గోడంతా పురుగులు, ట్యూబ్‌లైటు కనపడట్లేదు. మేఫ్లైలు. జూన్ మధ్యలో లేక్ అడుగు బురదలోంచి ఒక్కసారిగా లేస్తాయి, ఎంతగా అంటే వాతావరణ రాడార్‌లో వాన మబ్బులా కనపడతాయి. పొడుగు రెక్కలు, పొడుగు తోక, కుట్టవు, కరవవు, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులే బతుకు. నాన్న "తొలకరికి ఉసిళ్ళు లేచినట్టు లేచాయి" అని ఒకదాన్ని రెక్క పట్టుకుని చూస్తుంటే పెద్దాయన, ఇవి కనపడితే నాకు సంతోషం అన్నాడు. 1953లో ఈ వైపు నీటి అడుగున ఆక్సిజన్ అయిపోయి ఇవి మొత్తం చచ్చాయంట, మళ్ళీ కనపడింది 1990ల్లోనే. నా చిన్నప్పుడు పేపర్లలో ఈ లేక్ చచ్చిపోయింది అని రాసేవాళ్ళు అని చెప్పాడు. నేను తెలుగు చేసి చెప్తే నాన్న "మా కొల్లేరుని కూడా అలాగే రాశారు" అని ఊరుకున్నారు.

శుక్రవారం

బోట్లు నీళ్ళలోకి దింపే కటాబా ర్యాంప్ దగ్గర 5:30కే క్యూ. మా దగ్గర పెళ్ళికి బస్సులు ఆగినట్టు బోట్లు ఆగి ఉన్నాయి. ఎక్కే ముందు లైసెన్సులు చూసుకున్నాం, నాన్నకి ఆన్‌లైన్‌లో మూడు రోజులది తీశా, "చేపకి లైసెన్స్ ఏంట్రా" అని ఆయన గొణుగుడు మామూలే.

నీళ్ళలోకి వెళ్ళాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. అవతలి ఒడ్డు కనపడకపోతే మన బుర్రకి అది చెరువు కాదు, సముద్రం. కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు, ఈరీ 25,700, అంటే ఎనభై కొల్లేళ్ళు పైమాటే, అవతల ఒడ్డు కెనడా. కానీ గ్రేట్ లేక్స్ అనే అయిదు పెద్ద సరస్సుల్లో లోతు తక్కువది ఇదే, మేం తిరిగే పడమటి భాగంలో సగటున 24 అడుగులేనంట. మా ఊరి గుడి ధ్వజస్తంభం ముంచితే పైన గంటలు బయటికి కనపడతాయి. తక్కువ లోతు, తొందరగా వేడెక్కే నీళ్ళు, రాతి గుట్టలు, అందుకే వాలైలు ఇక్కడ గుడ్లు పెడతాయి, అందుకే జనం ఇక్కడికొస్తారు.

పడమటి వైపు డేవిస్ బెస్సీ అణు విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్ ఒకటే గుర్తు, దాన్ని ఎడమ భుజం మీద పెట్టుకుని నయాగరా రీఫ్ అనే నీటి అడుగు రాతి గుట్ట వైపు వెళ్ళాం. 30 అడుగుల లోతు దగ్గర పెద్ద ఇంజిన్ ఆపేసి వెనకున్న చిన్న మోటార్ స్టార్ట్ చేశాడు. ఇక్కడ మొదలైంది ట్రోలింగ్, ట్విట్టర్‌లో హీరోల ఫ్యాన్స్ చేసుకునేది కాదు, ఎర నీళ్ళలో ఈడ్చుకుంటూ బోటు మెల్లగా నడపడం.

ఎలాగంటే, ఒక సన్న తీగలాంటి దారానికి రెండు కొక్కేలు, వాటి పైన రంగు పూసలు, పూసల పైన చెంచా బొచ్చె అంత ఇత్తడి రేకు. కొక్కేలకి ఎర్రని పొడుగ్గా గుచ్చాలి, వంకర గుచ్చితే తిరిగిపోయి దారమంతా మెలిక పడుద్ది. పైన ఒక ఔన్సున్నర బరువు. ఇది నీళ్ళలో వదిలి రీల్ మీద అంకెల మీటర్ చూసుకుంటూ 60 అడుగులు పోనిచ్చి, అప్పుడు దారానికి పలక తగిలించాలి. పలకంటే నిజంగా బళ్ళో పలకంతే ఉంటుంది, పసుపురంగు ప్లాస్టిక్, ముందు అంచు ఏటవాలుగా కోసి ఉంటుంది, వెనక చిన్న జెండా. బోటు ముందుకెళ్తుంటే నీళ్ళు ఆ ఏటవాలు అంచుని తోసి పలక పక్కకి పక్కకి జరుగుతుంది, గాలిపటం పక్కకి లాగినట్టు. అలా కుడివైపు మూడు, ఎడమవైపు మూడు. ఎందుకంటే లోతు తక్కువ చోట బోటు పైనించి పోతే చేపలు పక్కకి తప్పుకుంటాయి, ఆ తప్పుకున్న వాటికి పలకలు ఎదురొస్తాయి. ఒక్కో రాడ్డు వెనక ఒక్కో కొల్లేటి చాంతాడు. నాన్న అదంతా చూసి "ఇది చేపలు పట్టడమా, చేపల వెనక కారేసుకుని తిరగడమా" అన్నారు.

మొదటి గంట నా పుణ్యమే. మూడో పలక వదిలేటప్పుడు రీల్ బ్రేక్ వెయ్యడం మర్చిపోయా, అది రెండో పలక మీదకి వెళ్ళింది, రెండు దారాలు, నాలుగు కొక్కేలు, ఒక ఎర్ర, అన్నీ కలిసి జడ అల్లుకున్నాయి. పెద్దాయన తిట్టలేదు, కత్తెర ఇచ్చాడు. బావ అప్పటికే బోటు చివర రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు, పొద్దున వద్దన్నా వినకుండా తిన్న పులిహోర మొత్తం లేక్‌కి సమర్పించాడు. "అల్లుడు గారూ, దూరంగా చూడండి, ఒడ్డు వైపు చూడండి" అని నాన్న, ఆ ఒడ్డేమో కనపడట్లేదు.

ఎనిమిదింటికి ఒక పలక కొంచెం వెనక్కి జరిగింది. అదే గుర్తు. పెద్ద చేప పడితే పలక వెనక్కి లాక్కుపోతుంది, చిన్నదైతే జెండా కొంచెం వంగుద్ది అంతే. నాన్నకి రాడ్డు ఇచ్చాడు, ఆయన అరవై ఏళ్ళ అలవాటు చొప్పున గాలం లాగినట్టు ఒక్క గుంజు గుంజారు. పోయింది. ఇక్కడ గుంజకూడదంట, బోటు నడుస్తూనే ఉంటుంది కదా, కొక్కెం అదే దిగుద్ది, రాడ్డు వంగి ఉండేలా పట్టుకుని తిప్పుతూ ఉండాలంతే. "అంటే మనిషి చెయ్యాల్సిందేం లేదా?" అని ఆయన మొహం చిన్నబోయింది.

మధ్యాహ్నానికి మూడు వాలైలు, ఎనిమిది షీప్‌హెడ్‌లు. షీప్‌హెడ్ అంటే వీళ్ళు చిరాగ్గా మొహం పెట్టి నీళ్ళలోకి విసిరేసే లావుపాటి వెండిరంగు చేప. నాన్నకి ప్రతిసారీ గుండె ఆగినంత పని, "రెండు కేజీలుంటుందిరా, పారేస్తున్నాడు!"

శనివారం

లేచేసరికి కిటికీలు దడదడమంటున్నాయి. నైరుతి గాలి, చిన్న పడవలు వెళ్ళొద్దని హెచ్చరిక. నాకు కొంచెం అర్థం కాలేదు, అలలు అయిదారు అడుగులేగా అన్నా. పెద్దాయన, సముద్రంలో అయిదు అడుగుల అల పొడుగ్గా ఊపుద్ది, ఇక్కడ లోతు లేదు కాబట్టి అల వెనకే అల, నిటారుగా గోడల్లా వస్తాయి, బోటు ఒకదాని మీంచి దిగకముందే ఇంకోటి నెత్తిన పడుద్ది అన్నాడు. బావ మొహం వెలిగిపోయింది, వెళ్ళడం లేదని.

టీ తాగి మెరీనా వైపు నడిస్తే అసలు విచిత్రం అక్కడుంది. నీళ్ళు లేవు. పూర్తిగా లేవని కాదు, నిన్న సాయంత్రం బోట్లు కట్టేసిన గుంజల మీద తడి గుర్తు మోకాలి ఎత్తు పైన ఉంది, బోట్లు కిందకి దిగిపోయి తాళ్ళు బిగుసుకుపోయాయి, ఒడ్డున బురద బయటపడి దాని మీద కొంగలు తిరుగుతున్నాయి. నాన్న గట్టున కూర్చుని "ఆటుపోటు ఉందా ఈ చెరువుకి?" అని అడిగారు. ఆటుపోటు కాదు, గాలి. ఈ లేక్ 388 కిలోమీటర్ల పొడుగు, నైరుతి నుంచి ఈశాన్యానికి సాగి ఉంటుంది, గాలి సరిగ్గా పొడుగునా వీస్తే నీళ్ళన్నీ బఫెలో వైపు పోగవుతాయి, టొలీడో వైపు తగ్గిపోతాయి. గాలి ఆగితే మళ్ళీ ఇటొస్తాయి, మళ్ళీ అటు, పులుసు పళ్ళెం ఇద్దరు పట్టుకుని నడిచినట్టు. దీనికి సీష్ అని పేరు. నాన్న ఒక పుల్ల తెచ్చి నీటి అంచున గుచ్చారు. రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే పుల్ల దగ్గర కూడా బురదే. ఆయనకి నిన్నటి పలకల కంటే ఇదే నచ్చింది అని నా అనుమానం.

మిగతా రోజు మార్బుల్‌హెడ్ లైట్‌హౌస్ దగ్గర గడిచింది. 1822 నుంచి వెలుగుతూనే ఉంది, అమెరికా వైపు గ్రేట్ లేక్స్‌లో ఇంతకాలం ఆగకుండా పనిచేసినది ఇంకోటి లేదు. దీపం చూసుకునే మొదటాయన 1832లో పోతే ఆయన భార్య రేచల్ ఆ పని చేసిందంట. మెట్లెక్కి పైకెళ్తే గాలికి టోపీ ఎగిరిపోయింది, నాదే. దూరంగా సౌత్ బాస్ దీవిలో 352 అడుగుల పెర్రీ స్తంభం కనపడింది, 1813లో ఇక్కడ బ్రిటిష్ వాళ్ళ ఓడల్ని ఓడించిన దానికి గుర్తు. దీవికి వెళ్దామా అంటే ఫెర్రీ వైపు చూసి బావ నా వైపు చూసిన చూపుకి ఆ మాట అక్కడే ఆపేశా. పెర్చ్ చేప ఫ్రై తిని వచ్చి పడుకున్నాం. కారం లేదు, ఆవకాయ వేసుకుని తిన్నాం.

ఆదివారం

గాలి పడిపోయింది, చిన్న చిన్న అలలే. వాలైకి ఇదే బాగుంటుందంట, అలలు సూర్యుడి వెలుతురుని చెదరగొడితే వాటి కళ్ళకి హాయి. ఒడ్డు దగ్గర నీళ్ళు మాత్రం నిన్నటి గాలికి పాలు ఎక్కువైన టీలా ఉన్నాయి. ఉత్తరంగా వెళ్తూ ఉంటే ఒకచోట గీత గీసినట్టు రంగు మారింది, ఇటు టీ, అటు ఆకుపచ్చ. ఆ గీతకి అటువైపు పలకలు వదిలాం. ఈసారి నా పలకలు చిక్కుపడలేదు, చెప్పుకోకపోతే ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా.

నలభై నిమిషాలు నేరుగా నడిపితే ఒకే ఒక్కటి. నీటి కింద చేపల్ని చూపించే స్క్రీన్ మీద చూస్తే అడుగున వంకర గీతలు బోలెడు, అంటే చేపలున్నాయి, తినట్లేదు. మేఫ్లై పిల్లలు తిని కడుపులు నిండి ఉంటాయి అన్నాడు పెద్దాయన. ఇంతలో ఎదురుగా ఇంకో బోటు, వాళ్ళ పలకలకి మన పలకలు తగలకూడదని ఎడమకి తిప్పాడు. ఎడమవైపు లోపలి పలక వెనక్కి పోయింది. పట్టాం, 18 అంగుళాలు. మళ్ళీ నేరుగా నడిపితే ఏమీ లేదు. మళ్ళీ ఎవరో అడ్డం, ఈసారి కుడికి తిరిగాడు, కుడివైపు పలక మునిగింది.

నాన్న ఇదంతా ఐస్ బాక్స్ మీద కూర్చుని చూస్తున్నారు. "ఒరేయ్, ఆయనకి చెప్పు. తిరిగినప్పుడల్లా లోపలి పక్కదే పడుతోంది." నాకు అర్థం కాలేదు. "కుప్ప నూర్పుల్లో ఎద్దుల్ని బంతి కట్టి గుంజ చుట్టూ తోలేటప్పుడు చూళ్ళేదా, గుంజ దగ్గర ఎద్దు నిలబడినట్టు తిరుగుద్ది, బయటి ఎద్దు పరిగెత్తాలి. లోపలి పలక నెమ్మదిగా పోతోంది, ఎర కిందకి దిగుతోంది. వాటికి నెమ్మదిగా కావాలి. ఈయన తొందరపడుతున్నాడు."

నేను నా జన్మలో కుప్ప నూర్పులు చూళ్ళేదు, కానీ తర్జుమా చేశా, ఎద్దులతో సహా. పెద్దాయన ముందు నవ్వాడు, తర్వాత స్పీడు చూసుకున్నాడు. గంటకి 1.4 మైళ్ళు. నలభై ఏళ్ళుగా నాకు తెలిసిన విషయం, పొద్దుట్నుంచి పక్క బోట్లు చూసుకోవడంలో మర్చిపోయా అని నిజాయితీగా ఒప్పుకుని, గొడుగులా తెరుచుకునే గుడ్డ సంచులు రెండు తీసి బోటుకి రెండు పక్కలా నీళ్ళలో వేలాడేశాడు, అవి బోటుని వెనక్కి లాగుతాయి. 1.0కి దిగింది. మనం వాకిట్లో ఊడుస్తూ నడిచే స్పీడు కూడా కాదు.

అక్కణ్ణుంచి గంటన్నర నాకు వరసగా గుర్తు లేదు. పలక వెనక్కి పోవడం, ఒకరు తిప్పడం, పలక దగ్గరికి రాగానే నేను వంగి క్లిప్ ఊడదియ్యడం, చల్లటి నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోయాయి, బావ నెట్ పట్టడం. అవును, బావే, వాంతుల మాత్ర వేసుకున్నాడంట, పనిచేసినట్టుంది. ఇక్కడ మనిషికి రోజుకి ఆరు, 15 అంగుళాల లోపువి వదిలెయ్యాలి, మా నలుగురికీ కలిపి 24 పట్టొచ్చు, 19 దగ్గర ఆగాం.

ఆ 19లో ఒకటి నాన్నది. పలక ఊగలేదు, మునగలేదు, ఎవరో చేత్తో పట్టుకున్నట్టు అలాగే ఆగిపోయింది, బోటు ముందుకెళ్తుంటే అది వెనకే ఉండిపోయింది. నాన్న ఈసారి గుంజలేదు. రాడ్డు కొన బరువుగా, ఆగి ఆగి, టక్కు టక్కుమని ఊగుతోంది, తల విదిలిస్తోంది అన్నాడు పెద్దాయన. పది నిమిషాలు పట్టిందో అయిదే పట్టిందో, బోటు పక్కకి వచ్చి ఒకసారి పైకి తేలింది, పసుపు బంగారం కలిసిన ఒళ్ళు, తెల్ల మచ్చ ఉన్న తోక, పాలరాతి గోలీల్లాంటి కళ్ళు. మమ్మల్ని చూసి మళ్ళీ కిందకి పోయింది. "పోనీ, పోనీ, ఎటు పోద్ది" అని నాన్న చేపతోనే మాట్లాడుతున్నారు. రెండోసారి బావ నెట్ కింద పెట్టాడు.

కొలిస్తే ఇరవై ఏడున్నర అంగుళాలు. ఒహాయో వాళ్ళు 28 అంగుళాలున్న వాలైకి ఫిష్ ఒహాయో అని పిన్ను ఇస్తారు. అర అంగుళం! తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి ఒకసారి, మూతి ఆనించి ఒకసారి, మళ్ళీ తిప్పి ఒకసారి, మూడు సార్లు కొలిచాం. పెద్దాయన, సీసం గుండ్లు మింగించినా పొడుగు పెరగదు అని నవ్వాడు. అది 2022 సంగతి, క్లీవ్‌లాండ్‌లో పోటీలో ఇద్దరు వాలైల కడుపులో సీసం గుండ్లు కుక్కి బరువు తూయించి దొరికిపోయారు, తర్వాత జైలుకి కూడా వెళ్ళారు. నాన్నకి చెప్తే "పాలల్లో నీళ్ళు విన్నాం గానీ చేపలో సీసమా" అన్నారు.

ఒడ్డున చేపలు కోసిచ్చే షాపులో కుర్రాడు కరెంటు కత్తితో ఒక్కో చేపకీ అర నిమిషం, రెండు పక్కలా రెండు ముక్కలు తీసి మిగతాదంతా డ్రమ్ములో వేస్తున్నాడు. ఒక కడుపు పగిలితే లోపలంతా మేఫ్లై పిల్లలు, ముద్దగా. తలకాయలు కావాలని అడిగా. వినపడనట్టు మళ్ళీ అడిగాడు. తలకాయలు, నడుం ముళ్ళు, అన్నీ. దేనికి, ఎరకా? అన్నాడు. తినడానికి అన్నా. పక్కనున్న ఇంకో ముసలాయన మాత్రం తలూపి బుగ్గల మాంసం అన్నిటికంటే బాగుంటుంది అని నాన్న భుజం తట్టాడు.

క్యాబిన్‌లో ఇంటి నుంచి తెచ్చిన చింతపండు, కారం, మెంతులు వేసి నాన్నే పులుసు పెట్టారు. ముక్కలు వేస్తే విడిపోతాయి, ముళ్ళు తీసేసిన మెత్తటి చేప, ఫ్రైకే బాగుంది. తలకాయలు మాత్రం పులుసులో నిలబడ్డాయి. పెద్దాయనకి కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, అయినా రెండోసారి వడ్డించుకున్నాడు. నాన్న పెద్ద తలకాయ బుగ్గ వేలితో ఒలిచి ఆయన ప్లేట్‌లో వేశారు.

తింటూ పెద్దాయన, ఎండలు ముదిరే కొద్దీ పెద్ద వాలైలు ఇక్కడ ఉండవు, చల్లటి లోతు నీళ్ళు వెతుక్కుంటూ తూర్పుకి వెళ్ళిపోతాయి, జూలైకి క్లీవ్‌లాండ్ వైపు పడతాయి అన్నాడు. నాన్న రిటర్న్ టికెట్ ఆగస్టులో. తర్జుమా పూర్తయ్యే లోపే చెయ్యి కడుక్కుని వచ్చి బావ పక్కన కూర్చున్నారు.

"అల్లుడు గారూ, మీ ఊరి మీదకే వస్తున్నాయంట. బోటు సంగతి చూడండి మరి."

బావ మాత్రల డబ్బా తీసి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకున్నాడు.